గూళ్ళు లేని గోడ

మా అత్తగారికి చూపు తగ్గిపోతున్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆవిడ తెలియనివ్వలేదు. కంట్లో నీటికాసులని గుంటూరు డాక్టరుగారు చెప్పారు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదైనా నిలవాలంటే చుక్కలు మానకూడదని అన్నారు. ఆ చుక్కలు నేనే వేసేదాన్ని. అయినా ఏడాదికేడాది తరుగుతూనే వచ్చింది.

పొద్దున్నే నేను బడికి, మా ఆయన చిలకలూరిపేటలో పత్తి మిల్లుకి వెళ్ళిపోతే ఇంట్లో ఆవిడొక్కతే ఉండేది. సాయంత్రం మేం వచ్చేసరికి అన్నం, పప్పు, ఏదో ఒక వేపుడు మూతలు పెట్టి ఉండేవి. చర్చిలో ఆడవాళ్ళ కూడికకి పులిహోర కూడా ఆవిడే చేసి పంపేది. అది చేసిన మనిషికి గిన్నె అంచు కూడా సరిగ్గా కనపడదని తిన్నవాళ్ళెవరూ అనుకుని ఉండరు.

అదంతా ఆ వంటింట్లో ఉన్నంతకాలం నడిచింది. మా మామగారి నాన్న కట్టించిన ఇల్లది. రాయీ మట్టీ పెట్టి లేపిన లావుపాటి గోడలు, గోడల్లోనే గూళ్ళు. పొయ్యి గట్టుకి కుడిచేతి వైపు గూట్లో ఉప్పు జాడీ, దాని పక్కదాంట్లో కారం, పైన పోపుల డబ్బా. చింతపండు కుండ గుమ్మం పక్కన మూల. ఆవిడ కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఏ వస్తువూ చోటు మారలేదు. చెయ్యి చాపితే చాలు, అందేది. ఆవాల చప్పుడు విని పోపు దించేది. వాసన చూసి అన్నం వార్చేది. నేను సాయానికి వెళితే, "నువ్వు అడ్డం లేకుండా ఉంటే అదే సాయం" అనేది.

మాది ప్రత్తిపాడు దగ్గర నల్లరేగడి నేల. ఎండాకాలం బీటలు తీస్తుంది, వానలు పడితే ఉబ్బుతుంది. దాంతోపాటు గోడలూ కదులుతాయి. ప్రతి ఏడూ ఆ చీలికల్లో సిమెంటు కూరి సున్నం కొట్టుకునేవాళ్ళం. మొన్నామధ్య వానలకి మాత్రం వంటింటి పడమటి గోడ పైనుంచి కిందదాకా విడిపోయింది. లోపల నిలబడితే పక్కింటివాళ్ళ గేదె కనపడింది.

మేస్త్రి వచ్చి వేలితో తట్టి చూశాడు. "ఇది ఆగదండీ. ఇంకో గట్టి వాన పడితే కప్పుతో సహా కూలిపోద్ది. అమ్మగార్ని లోపలికి పోనీకండి" అన్నాడు.

ఆవిడకెలా చెప్పాలా అని మేమిద్దరం వరండాలో గొణుక్కుంటుంటే, ఆవిడే గుమ్మంలోకి వచ్చింది.

"నాకు తెలుసులే. చీలికలో అరచెయ్యి పడుతోంది" అంది. "పడగొట్టి కట్టండి. గూళ్ళు మాత్రం ఎక్కడున్నవి అక్కడే పెట్టమనండి."

"అలాగేనమ్మా" అన్నాడు మా ఆయన.

మేస్త్రితో ఆ మాట చెప్తే తల అడ్డంగా ఊపాడు. "స్తంభాలు లేపి మధ్యలో సన్నగోడ కడతామండీ. అందులో గూడు పెడితే చెయ్యి అవతలికి వచ్చేసిద్ది. లావుగోడ కడదామా అంటే ఈ రేగడిలో మళ్ళీ ఇదే గతి."

గూళ్ళకి బదులు అదే ఎత్తులో అరలు పెట్టిస్తానన్నాను. సరేనన్నాడు. తీరా పునాది తీశాక పాత గుమ్మం ఉన్నచోటే స్తంభం రావాల్సి వచ్చి, గుమ్మం తూర్పుకి జరిగింది. గుమ్మం జరిగేసరికి గట్టు ఎదురుగోడకి పోయింది. గట్టు పోయేసరికి కుడిచేతి వైపు ఉండాల్సిన అరల చోట కిటికీ వచ్చింది. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, ప్రతి కారణమూ సబబే. నేను రోజూ బడి నుంచి వచ్చి ఏం మారిందో చూసి, ఆవిడ దగ్గర కూర్చుని చెప్పేదాన్ని. ఆవిడ వినేది. "ఊఁ" అనేది. మొదట్లో, "అయితే ఉప్పెక్కడ?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

పని జరిగినన్నాళ్ళూ వరండాలో స్టవ్ పెట్టుకుని పొద్దున్నే నేనే వండేసి వెళ్ళేదాన్ని. ఆవిడ వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చునేది. ఇటుకల లారీ వచ్చినప్పుడు, కంకర కలిపే చప్పుడైనప్పుడు తల అటు తిప్పేది. ఒక ఆదివారం మధ్యాహ్నం మంచినీళ్ళు తీసుకెళ్తే, "మబ్బు పట్టిందా అమ్మాయ్?" అని అడిగింది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. గ్లాసు పట్టుకుని ఆవిడ ముందే నిలబడి ఉన్నాను. ఆవిడ నా పక్కగా, నేను లేని చోటుకేసి చూస్తోంది. 

"కొంచెం పట్టింది అత్తయ్యా" అన్నాను.

గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరుగారు లైటు వేసి చూసి, నన్ను పక్కకి పిలిచి, ఇక చుక్కలు నొప్పి లేకుండా ఉండటానికేనన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ నా చెయ్యి వదల్లేదు. అంతకుముందెప్పుడూ పట్టుకుని ఎరగదు.

వంటిల్లు పూర్తయింది. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టుకున్నాం. ఆ పొద్దున చీర కట్టుకుంటూ నన్ను గదిలోకి పిలిచింది.

"గోడలకి ఏం రంగు వేశారు?"

"లేత ఆకుపచ్చ."

"గట్టు?"

"నల్ల గ్రానైటు అత్తయ్యా. మెరుస్తూ ఉంటుంది."

ప్రార్థనయ్యాక ఆడవాళ్ళంతా లోపలికొచ్చారు. "ఎంత బాగుందో చూశావా వదినా" అంది ఎదురింటావిడ. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "రంగు నేనే ఆకుపచ్చ వేయమన్నాను. కళ్ళకి చల్లగా ఉంటుంది. గట్టే, మరీ నలుపైంది" అంది. అందరూ నవ్వారు. నేను పళ్ళెం తెచ్చే నెపంతో బయటికి వచ్చేశాను.

మర్నాటి నుంచే వంటకి దిగింది. నేను అరలన్నీ చూపించాను, చెయ్యి పట్టుకుని ఒక్కో డబ్బా ముట్టించాను. ఉప్పు డబ్బాకి పురికొస చుట్టాను, కారానికి గుడ్డపేలిక కట్టాను. ఆవిడ శ్రద్ధగా నేర్చుకుంది. కానీ పని మధ్యలో చెయ్యి దానంతటదే కుడివైపు లేచేది. అక్కడ కిటికీ ఊచలు తగిలేవి. నున్నటి గట్టు మీద గిన్నె జారిపోయేది. పాత వంటింట్లో చప్పుడు గోడలు మింగేసేవి. ఇక్కడ స్టీలు గరిటె పడితే ఇల్లంతా మోగేది. ఆవాలు చిటపటలాడేది ఏ వైపో పోల్చుకోలేక, పొయ్యి ముందే నిలబడి అటూ ఇటూ తల తిప్పేది.

ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే గ్యాసు వాసన గుప్పున కొట్టింది. స్టవ్ తిప్పి ఉంది, మంట లేదు. పరుగున కట్టేసి, తలుపులు తీసి వెతికితే, ఆవిడ పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చుని ఉంది.

"కట్టాననుకున్నాను. ఏ వైపు తిప్పానో మరి" అంది.

మా ఆయన ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదు. చెయ్యి కడుక్కుని తల్లి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఇంక నువ్వు స్టవ్ జోలికి వెళ్ళొద్దు. మేం అక్కడ పని చేసుకుంటున్నా ప్రాణాలు ఇక్కడే ఉంటున్నాయి."

"సరేరా" అంది. వాదిస్తుందని ఇద్దరం ఎదురు చూశాం. వాదించి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి మేం వెళ్ళేముందు రెగ్యులేటరు తీసేసి వెళుతున్నాం. ఆవిడ కూర్చునే చేయగల పనులు అడిగి మరీ చేస్తుంది. వెల్లుల్లి ఒలుస్తుంది, ఎండు మిరపకాయలకి తొడిమలు తీస్తుంది. వంటింటి గుమ్మం దాటి మాత్రం లోపలికి రాదు.

మొన్న ఆవిడ గోంగూర ఆకు తుంచి పెడుతుంటే, తను చేసే పప్పులాగా నాకెప్పుడూ కుదరడం లేదని, ఉప్పు, పులుపు ఎంతెంత వేస్తుందో చెప్పమన్నాను.  ఆవిడ కుడిచెయ్యి గుప్పిట బిగించి, వదిలి, మళ్ళీ బిగించింది.

"చెప్పాలంటే రావటంలేదు అమ్మాయ్. అక్కడ నిలబడితే వచ్చేది" అంది.

నేను లోపలికెళ్ళి నాకు తోచినంత వేశాను. రాత్రి ముగ్గురం కూర్చుని తిన్నాం. ఆవిడ రెండోసారి కూడా పప్పు వేయించుకుని, బాగుందని చెప్పింది.