తుడవకూడని కారు

నాకు కార్ల గురించి తెలియని విషయం లేదు. ఈ మాట నేను తప్ప ఇంకెవరూ అనగా నేను వినలేదు.

ఏడో తరగతితో బడికి దండం పెట్టి బెంగళూరు వచ్చి, వైట్‌ఫీల్డ్‌లో ఒక పెద్దాయన దగ్గర డ్రైవరుగా కుదిరాను. ఆయనకు తండ్రి నుంచి వచ్చిన పాతకాలపు కారు ఒకటి ఉంది. తలుపు వేస్తే ఇనప బీరువా మూసినట్టు చప్పుడు. చలికాలం పొద్దున్నే దాన్ని లేపాలంటే బతిమాలాలి, తిట్టాలి, మళ్ళీ బతిమాలాలి. కానీ వారానికోసారి పాలిష్ పట్టి రుద్దితే, బానెట్‌లో చూసుకుని తల దువ్వుకోవచ్చు. జుట్టున్న రోజుల్లో దువ్వుకునేవాణ్ణి కూడా.

ఈ మధ్య ఆయన కూతురు స్పోర్ట్స్ కారు కొంది. అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. మళ్ళీ బయటికి రావాలంటే ఎవరైనా చెయ్యందించాలి. మా వీధిలో స్పీడ్ బ్రేకర్ హంపు వస్తే, కడుపు గీసుకోకుండా ఏటవాలుగా పోనివ్వాలి. ఇలా ఎంత వెక్కిరించినా, ఒక్కసారి దాని స్టీరింగ్ పట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయేది. "ఆయుధ పూజకు గుడి దాకా నువ్వే డ్రైవ్ చెయ్యన్నా" అని ఆ అమ్మాయి మాటిచ్చింది. ఇక వారమంతా నేను నేల మీద నడవలేదు.

పూజ రోజు తెల్లవారగానే దాని దగ్గరికి వెళ్ళాను. తడిబూడిద రంగు. ఎటు చూసినా మెరుపన్నది లేదు. వీళ్ళకు కొనడమే వచ్చు, తుడవడం రాదు అనుకుని, పాత కారు పాలిష్ డబ్బా తెచ్చి బానెట్ మీద గంటసేపు రుద్దాను. పళ్ళెమంత మేర తళతళలాడింది. గర్వంగా అమ్మాయిని పిలిచాను.

ఆమె చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అయ్యో అన్నా! ఇది మ్యాట్ ఫినిష్! మెరవకూడదనే స్పెషల్‌గా అడిగి తీసుకున్నా. రుద్దితే మళ్ళీ ముందులాగ రాదు!"

"దుమ్ము పట్టిండాది అనుకుంటినమ్మా. పోనీ, మిగతాదీ రుద్దేస్తా. అంతా ఒకే మాదిరి అయిపోతాది."

"వద్దు! నువ్వు దాని దగ్గరికే రావద్దు!"

మెరవాల్సిన కారుకు, మెరవకూడని కారుకు తేడా ఏడో తరగతి దాకా మాకెవరూ చెప్పలేదు. ఎనిమిదిలో ఉంటుందేమో.

ఆమె తనే నడుపుకుంటూ వెళ్ళింది. పాత కారులో పెద్దాయనను ఎక్కించుకుని నేను వెనకాల వెళ్ళాను. గుడి ముందు కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెడదామని వంగితే, కళ్ళతోనే ఆపేసింది.

తిరిగి వస్తూ పెద్దాయన దగ్గర నసిగాను.

"రుద్దింది తప్పే సార్. నడపనిచ్చింటే ఏం పోతా ఉండె? తుడిచేది వేరే, నడిపేది వేరే కదా?"

ఆయన తీరిగ్గా అద్దం దించుకుని అన్నాడు.

"చెయ్యి పెడితేనే ఇంత చేస్తివి కదప్పా. ఇంక కాలు పెడితే ఏం మిగిలుంటాది?"