సుగ్గికి పోయేముందు జాజు పూసిన ఇల్లు

మా అత్త చనిపోయిందన్న కబురు వచ్చేసరికి నేను అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతున్నాను. జ్వరం తగిలి అందరికంటే ముందుగా సుగ్గి నుంచి తిరిగొచ్చిన మా వీధి మనిషి ఒకాయన మా గడప ముందు మూట దించాడు. నీళ్ళడిగి తాగాడు. చెంబు తిరిగి ఇచ్చాక చెప్పాడు.

"మీ అత్త పోయిందమ్మా. సలిజ్వరం. కాలవ గట్టు పక్కనే పూడ్సినాము. ఈడికి తెచ్చేదానికి యాడ అయితాది, నువ్వే సెప్పు?"

ఆయన వెళ్ళిపోయాక మిగిలిన జొన్నలు కూడా చెరిగేశాను. ఏడుపు వెంటనే రాలేదు. ఈ మధ్య మా ఇంటికి అన్నీ ఆలస్యంగానే వస్తున్నాయి, వానతో సహా.

సుగ్గి అంటే తెలియనివాళ్ళు ఉంటారు. కోసిగి చుట్టుపక్కల మా పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడాది జనం పిల్లాజెల్లాతో బండ్లు కట్టుకుని నీళ్ళున్న సీమకు కోతపనికి పోతారు. అక్కడ జొన్నసొప్పతో గుడిసె వేసుకుని, పని అయిపోయాక తిరిగొస్తారు. దాన్నే మేము సుగ్గికి పోవడం అంటాం. ఈసారి నాకు చంటిబిడ్డ ఉండడంతో నన్ను ఇంట్లో వదిలి అత్త, మామ, మా ఆయన వెళ్ళారు. ఇద్దరే తిరిగొచ్చారు.

నేను కర్నూలులో పుట్టి పెరిగాను. కర్నూలు రాజధాని అయి ఆఫీసుల కోసం ఊరినిండా గుడారాలు వేసిన ఏడు నాకు పెళ్ళయింది. రాష్ట్రాన్ని ఏలేవాళ్ళంతా మా ఊరికి వస్తుంటే నన్ను మాత్రం కోసిగి వైపు పంపించారని అప్పట్లో మా అమ్మ మీద అలిగాను. ఇల్లు చూశాక అలక కాస్త తగ్గింది. రాతిగోడల మట్టిమిద్దె. దాని వయసు ఎవరికీ తెలియదు. కానీ లోపల గోడలు ఎర్రగా, నున్నగా, కింద తెల్లటి అంచుతో నీటుగా ఉన్నాయి. వంటింటి దీపం గూట్లో పగిలిన గాజుముక్కలు అద్ది ఉన్నాయి. దీపం పెట్టగానే గూడంతా మిలమిలలాడింది. ఇదంతా ఎవరు చేశారని అడిగితే మామ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఇంకెవురు? ఆయమ్మకు వేరే పనేముండాది?" అన్నాడు.

నిజానికి ఆమెకు నూరు పనులు. వాటి మధ్యన ఇదొకటి. ఒక్క వస్తువూ కొనేది కాదు. వంక గట్టున ఎర్రమన్ను తవ్వుకొచ్చేది, ఇంకాస్త పైకి పోతే సుద్దమన్ను దొరికేది. పేడా, ఉలవపొట్టూ ఇంట్లోవే. ఈతపుల్ల చివర రాతి మీద నలగ్గొడితే అదే కుంచె. గోనెసంచుల అంచుకు పాతచీరల పేలికలు కుట్టి తలుపులకు తెరలు కట్టింది. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న బడి పుస్తకాలు ఒకరోజు కనిపించలేదు. వెతికితే కుండలో మెంతులతో కలిసి నానుతున్నాయి. రుబ్బి, బోర్లించిన కుండ మీద మెత్తి, ఆరబెట్టి బుట్ట చేసింది. నా ఎనిమిదో తరగతి చదువంతా ఇప్పుడు శనక్కాయలు పోసుకునే బుట్ట. నేను మొహం ముడుచుకుంటే, "ఎలకలు తినేదానికన్నా మేలు కదా పాపా" అంది. ఆ బుట్టకు అంచులో ఎర్రరంగు కూడా వేసింది, నన్ను బుజ్జగించడానికేమో.

సుద్ద గోడకు పట్టి ఉండడానికి నాగజెముడు జిగురు కలిపేది. ముళ్ళు కాల్చి, ఆకులు చీల్చి, కుండలో నానబెడితే నీళ్ళు తీగలు సాగుతాయి. ఆ పని మొదటిసారి నాకు అప్పజెప్పినప్పుడు ముళ్ళు సరిగ్గా కాల్చక చేతులంతా నూగు గుచ్చుకుంది. ఆమె నవ్వుతూనే నా అరచేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆముదం రాసి, వెలుతురుకు తిప్పి తిప్పి ఒక్కొక్క నూగూ తీసింది. అంతసేపు నా చేతులు ఎవరైనా పట్టుకోవడం, పెళ్ళయ్యాక అదే మొదలు.

అలాగని నాకు విసుగు రాలేదంటే అబద్ధం. పొద్దంతా చేలో కలుపు తీసి నడుము విరిగేలా ఇంటికొస్తే, ఆమె అప్పుడే మన్ను తొక్కడం మొదలుపెట్టేది. ఒకసారి నోరు జారాను.

"అత్తా, కడుపులోకే సరిగ్గా లేదు. గోడలకు ఈ సోకెందుకు?"

ఆమె కోపగించుకోలేదు. మన్ను తొక్కుతూనే అంది. "కడుపు కాలేది ఎవురికీ కనపడదు పాపా. గోడ మాస్తే మాత్రం దావన పోయేటోళ్ళందరికీ కనపడ్తాది. వీళ్ళ పని అయిపాయె అనుకుంటారు. అట్ల అనుకోనీకూడదు."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. మా ఇల్లు పోయేదాకా వచ్చిన ఏడు ఎక్కింది.

వరసగా పంటలు పోయాయి. ఎద్దుల్ని అమ్మేశారు. ఇక మా ఊళ్ళో చాలామంది చేసిందే మామ కూడా చేయాలనుకున్నాడు. అంటే మిద్దె విప్పి దూలాలు, తలుపులు కట్టెల వ్యాపారికి అమ్మడం, ఊరొదిలి ఆదోనిలో మిల్లు పనికి పోవడం. దూలాలు పోయిన ఇంటికి ఇక ఎవరూ తిరిగిరారు. వానకు గోడలు కరిగి దిబ్బ అవుతుంది. మా వీధిలోనే అలాంటి దిబ్బలు కళ్ళెదుట ఉన్నాయి. మామ ఒక రోజు వ్యాపారికి కబురంపి వచ్చి, అత్తకు ఆ మాట చెప్పి తలవంచుకుని కూర్చున్నాడు. ఆయన్నీ అనడానికి లేదు. అలసిపోయాడు.

మరునాడు అత్త కుండల్లో రంగులు కలిపింది. సుగ్గికి పోయేముందు ప్రతి ఏడూ ఇల్లు అలికి పోవడం ఆమెకు అలవాటే. అందరూ పండక్కి అలుకుతారు, మా అత్త ఇల్లు విడిచిపోయేటప్పుడు అలికేది. కానీ ఆసారి ఎర్రమన్నుతో ఆగలేదు. వీధిగోడ పొడుగునా జాజుతో, అంటే ఎర్రకావితో, పట్టె తీసి, దాని మీద సుద్దతో చుక్కలు పెట్టి, తలుపుకు అటూ ఇటూ నిలువుచారలు గీసింది. మా వైపు ఆ చారలు ఒక్క పెళ్ళింటికే గీస్తారు. నేను కర్నూలుదాన్ని, నాకు తెలియదు. చెప్పిన చోటల్లా చుక్కలు పెట్టుకుంటూ పోయాను.

మొదట గాజులాయన వచ్చాడు. గాజుల మలారం దించి అరుగు మీద కూర్చుని, "ఎవురికమ్మా పెండ్లి? ముందే సెప్పుంటే మంచి గాజులు తెచ్చుందునే" అన్నాడు. ఆ తరువాత పక్క ఊరి నుంచి అత్త వాళ్ళ అన్న జొన్నల మూట నెత్తిన పెట్టుకుని ఒంటికాలి మీద లేస్తూ వచ్చాడు. "నేను సచ్చిపోయినానా? మేనమామకు సెప్పకుండా పెండ్లి సేస్తాండారా?" మా ఇంట్లో పెళ్ళికెదిగిన వాళ్ళే లేరు. అత్త మటుకు అన్నకు కాళ్ళకు నీళ్ళిచ్చి, మూట అందుకుని లోపల పెట్టింది. ఆ జొన్నలు మేము చాలారోజులు తిన్నాం.

కట్టెల వ్యాపారి సాయిబు బండి తోలుకుని, గడ్డపారలతో ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వీధిలోనే ఆగిపోయి గోడను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, ఇదేం పని? పెండ్లి పెట్టుకొని ఇల్లు ఇప్పమంటావా?" అన్నాడు మామతో.

మామ అత్తకేసి చూశాడు. అత్త కొంగు సర్దుకుని, "మంచి దినం సూస్తాండాం అన్నా" అంది.

సాయిబు తలకున్న గుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "జాజు పూసిన ఇంటి మీద గడ్డపార ఎయ్యను తల్లీ. మా అమ్మకు తెలిస్తే నాకు కూడు పెట్టదు. మీ పెండ్లి కానీండి, మళ్ళ సూద్దాం." బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. మామ ఆ పూట అత్తతో మాట్లాడలేదు. మూడోనాడు తాళం వేసి అందరం సుగ్గికే పోయాం, తిరిగి ఈ ఇంటికే వచ్చాం.

చాలాకాలం తరువాత అడిగాను, పెళ్ళి చారలని తెలిసే గీశావా అత్తా అని. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "తెలిసే గీసినా అనుకో, తెలీక గీసినా అనుకో. ఇల్లు నిలబడిందా లేదా?" అంది.

ఆమె చివరి రోజుల సంగతి మా ఆయన చెప్పాడు. కాలవ పక్కన వేసుకున్న గుడిసె ముందు నేల కూడా అలికిందట. జ్వరం మొదలయ్యాక కూడా ఇటుకపొడి నీళ్ళలో కలిపి వాకిలి చుట్టూ పట్టె తీసిందట. "రెండు నెల్లుండి పీకేసే గుడిసె, ఎందుకమ్మా అని అరిచినా. పడుకో అంటే పడుకోదు" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఎంత అలసిపోయిందో ఆ మనిషి, అయినా ఎక్కడుంటే అది తన ఇల్లే.

ఆమె పోయిన సంగతి సాయిబు చెవిన పడింది. మొన్న వచ్చాడు. ఈసారి బండి లేదు, గడ్డపారలు లేవు. అరుగు మీద మామ పక్కన కూర్చుని పరామర్శించాడు. ఇంటి గోడలు ఆమె లేక అప్పటికే అక్కడక్కడా పెచ్చులూడుతున్నాయి. వాటినీ చూశాడు. మెల్లగా, మర్యాదగానే అడిగాడు.

"పెద్దాయనా, ఆ దూలాల సంగతి ఏమన్నా అనుకుంటాండావా? ఆయమ్మ ఉన్నన్నాళ్ళు నేను అడగలేదు."

నేను తలుపు వెనక నిలబడ్డాను. బిడ్డ చంకలో ఉంది. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. మామ సరేనంటే కాదనడానికి నా దగ్గర కారణమేదీ లేదు.

తన చేతులతో ఆమె మీద మన్ను వేసి వచ్చిన మామ, సాయిబు కళ్ళలోకి చూసి అన్నాడు.

"ఆయమ్మ ఇంకా సుగ్గి నుంచి రాలేదప్పా. వచ్చినాక అడిగి సెప్తా."

సాయిబు మామ భుజం మీద చెయ్యి వేసి, లేచి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలింది. సంగటి చల్లారిపోతోందని నేను మామను పిలిచాను. ఆయన అరుగు మీద నుంచి కదల్లేదు. బండ్లు వచ్చే దారికేసి చూస్తూ, "ఉండమ్మా, రానీ" అన్నాడు.