గోడ దాటిన చిక్కుడుపాదు

ఎవరైనా నా పెరటిని మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "ఆ పాడు రోజుల్లో కూడా మొక్కలు పెంచుకుంటూ ఎంత ప్రశాంతంగా ఉన్నారండీ" అంటారు. ప్రశాంతమూ లేదు, నా మొహమూ లేదు. నేను మొక్కల వెనక దాక్కున్నాను.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడు మేం బెజవాడలో, కాలువకి దగ్గర్లో అద్దెకుండేవాళ్ళం. నాది గవర్నర్‌పేటలో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తా పని. పక్కింట్లో ఒక మేష్టారు, మిషను బడిలో లెక్కలు చెప్పేవారు. ఆదివారం పొద్దున చర్చికి, మిగతా తీరికంతా ఉపాధ్యాయుల సంఘానికి. మా రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు ఇద్దరం గమేళాలు పట్టుకెళ్ళి అడుగున పేరుకున్న ఒండ్రుమట్టి మోసుకొచ్చుకునేవాళ్ళం. "గవర్నమెంటు ఉద్యోగి నెత్తిన మట్టి! చూసినవాళ్ళు ఏమనుకుంటారండీ?" అని ఏడిపించేవారు నన్ను.

చిక్కుడు విత్తనం ఆయనే ఇచ్చారు. వాళ్ళమ్మగారి చేతి నుంచి వస్తున్న విత్తనమట, పోనివ్వద్దన్నారు. శ్రావణంలో గోడవారగా గింజలు పెట్టాను. ఇవతల కాసింది మాకు, గోడ దాటి అవతల కాసింది వాళ్ళకి. అలా అని ఎవరూ రాసుకోలేదు, మా వైపు పెరళ్ళల్లో అందరికీ అదే లెక్క.

మొలక రెండాకులు వేసిన వారానికి, పొద్దున్నే జీపొచ్చి మేష్టారిని తీసుకుపోయింది. సంఘం మీటింగులో ఏదో గట్టిగా మాట్లాడారట. నేను మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. ఆయన జీపెక్కుతూ నా వైపు చూశారు. నేను చేతిలో చెంబు వైపు చూసుకున్నాను.

ఆ రోజు నుంచి పేపరు మానేశాను. రేడియో మీద గుడ్డ కప్పేశాను. ఆఫీసు నుంచి రావడం, పంచె ఎగ్గట్టడం, పెరట్లో దిగడం. వంగమొక్కలకి బూడిద చల్లేవాణ్ణి, బెండకి పాదులు చేసేవాణ్ణి, చిక్కుడుకి పందిరి వేశాను. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉండేది. పక్కింటాయన జైల్లో ఉంటే నాకు హాయిగా ఉండేదన్నమాట. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం మేష్టారి భార్య గోడ దగ్గరికొచ్చింది. చేతిలో కాగితం.

"అన్నయ్యగారూ, ఈ అర్జీ మీద ఒక్క సంతకం పెట్టండి. ఆయనకి ఉబ్బసం. జైల్లో చలికి పడుకోలేక కూర్చునే ఉంటున్నారట. ఆయన గొడవల మనిషి కాదని ఇరుగుపొరుగు రాసిస్తే పైకి పంపిస్తానన్నారు ప్లీడరుగారు. అందులో ఒక్క గవర్నమెంటు ఉద్యోగి సంతకం ఉంటే బలమన్నారు."

"దానికేముందమ్మా, పెడతాను. ఇప్పుడు చేతులన్నీ మట్టి. రేపు రా."

మర్నాడు ఆవిడ వచ్చే వేళకి కావాలనే చేతులు మట్టిలో పెట్టాను. మూడోనాడూ అంతే. నాలుగోనాడు ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "కడుక్కోండి అన్నయ్యగారూ" అని గోడ మీంచి వంచి పోసింది. కడుక్కోక ఏం చేస్తాను? కడుక్కుని, "అయ్యో, కళ్ళజోడు ఆఫీసులో మర్చిపోయానమ్మా" అన్నాను. కళ్ళజోడు నా జేబులోంచి కనబడుతూనే ఉంది. ఆవిడ దాన్ని చూసింది. కాగితం మడుచుకుని లోపలికి వెళ్ళింది.

ఆ వారమే ఆఫీసుకి మఫ్టీలో ఒకాయన వచ్చాడు. "మీ పక్కింటివాళ్ళతో రాకపోకలున్నాయా?" అని టీ తాగుతూ అడిగాడు. "అబ్బే, ముఖపరిచయమేనండీ" అన్నాను.

ఇంటికొచ్చి పెరట్లోకి చూశాను. నా పెరట్లో పుట్టిన పాదు, నా పందిరి ఎక్కి, గోడ దాటి, వాళ్ళ దడి నిండా పాకి, గుత్తులు గుత్తులుగా కాసి ఉంది. ఫైళ్ళు రాసి రాసి పాడైన బుర్ర కదా, నాకది చిక్కుడుపాదులా కనబడలేదు, సాక్ష్యంలా కనబడింది. రాకపోకలున్నాయా అంటే ఇదిగో. కొడవలి తెచ్చి గోడ మీద తీగెలన్నీ తెగ్గోశాను.

మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "కాసే పాదుని కోస్తారా ఎవరైనా? చేతులెలా వచ్చాయండీ మీకు?"

"పురుగు పట్టిందే."

"పట్టింది పాదుకి కాదులెండి" అని విసురుగా లోపలికి పోయింది.

అవతలి తీగె కాయల్తో సహా ఎండిపోయింది. గోడ మీద కోసిన మొదళ్ళు కొడవలిగాటుతో తెల్లగా కనబడుతుండేవి. పురుగు అలా కొయ్యదని పల్లెలో పుట్టిన మేష్టారి భార్యకి నేను చెప్పాలా? ఆవిడ మళ్ళీ గోడ దగ్గరికి రాలేదు. అర్జీ నా సంతకం లేకుండానే వెళ్ళింది. మేష్టారు ఆ చలికాలమూ లోపలే ఉన్నారు, మరుసటి చలికాలమూ లోపలే ఉన్నారు. నేను సంతకం పెట్టి ఉంటే వదిలేసేవారని చెప్పలేను. పెట్టలేదు, అంతే.

ఎలక్షన్లు ప్రకటించాక వదిలారు. సగం మనిషయ్యారు. మెట్లెక్కితే ఆయాసం. ఇంటికొచ్చిన రెండోనాడు సాయంత్రం గోడ దగ్గరికొచ్చి నిలబడ్డారు. నేను వంగమళ్ళో ఉన్నాను. పారిపోవడానికి దారి లేదు.

"ఏమండీ, బాగున్నారా? మన చిక్కుడేదీ?"

"పోయిందండీ. పురుగు పట్టింది."

"అవునట. మా ఆవిడా అదే చెప్పింది."

ఆయన జేబులోంచి చిన్న పొట్లం తీశారు.

"మా వైపు ముదురు కాయలు కొన్ని ఎండితే గింజలు తీసి దాచింది. అన్నయ్యగారికి విత్తనం లేకుండా పోతుంది, మీరొచ్చాక మీ చేత్తోనే ఇవ్వండి అంది. తీసుకోండి."

ఆవిడ వాళ్ళ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "మట్టండీ" అన్నాను. అలవాటైన మాట, దానంతటదే వచ్చింది.

"మట్టయితే ఏమండీ, విత్తనాలకేగా" అని నవ్వి, దగ్గొస్తే ఆగి, పొట్లం నా ముందుకు చాపారు.

చెయ్యి చాచాను. ఆవిడ చూస్తూనే ఉంది.