కండక్టరు మామ విజిలు వెయ్యని రోజు

మా ఊరి బస్సు కండక్టరు మామ పోయాడు. ఆ సోమవారం పొద్దున బస్సు మలుపు తిరిగినప్పుడే నాకు ఏదో తేడా తోచింది. వెనక తలుపు దగ్గర ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, సగం ఒళ్ళు బయటికి వేసి నిలబడే మనిషి లేడు. బస్సు ఆగాక డ్రైవరు దిగి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా చెప్పాడు. "నిన్న పొద్దున గుండెలో నొప్పి అన్నాడంట. ఆస్పత్రి దాకా కూడా పోలా. మామ లేడు ఇంక."

అప్పటి నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను. బళ్ళో పాఠం చెబుతూ చెబుతూ గుమ్మం దాకా వస్తాను, రోడ్డు చూస్తాను, మళ్ళీ లోపలికి పోతాను. అన్నం ముందు కూర్చుంటే మధ్యలోనే లేవాలనిపిస్తుంది. ఇది రాయడానికి కూర్చుని కూడా ఇప్పటికి ఎన్నిసార్లు లేచానో. ఆయన గురించి నిదానంగా రాయడం నా వల్ల కాదు. ఆయన నిదానంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు మరి.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండడు. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లె దాకా తిరిగే ప్రైవేటు బస్సులో ఆయన కండక్టరు. మా పల్లెతో రోడ్డు అయిపోతుంది, అవతల ఇసుక, ఆ పైన సముద్రం. బస్సు అక్కడ తిరిగి, కాసేపు ఆగి, చేపల గంపలు ఎక్కించుకుని మళ్ళీ నెల్లూరు పోతుంది. ఆగే ఆ కాసేపే మా కథంతా. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా ఊళ్ళో బడి పుస్తకం తప్ప ఇంకో పుస్తకం ఉండేది కాదు. బొమ్మలున్న పుస్తకం, నవ్వించే పుస్తకం, పొడుపు కథల పుస్తకం ఉంటాయని మాకు తెలిసింది ఆ బస్సు మెట్ల మీదే.

నెల్లూరులో పాత కాగితాల అంగడి ఒకటుంది. పెద్దిళ్ళ పిల్లలు చదివి పారేసిన పుస్తకాలు అక్కడికి చేరతాయి. ఈయన ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య అక్కడికి పరిగెత్తి, ఆ కుప్ప కెలికి, అట్టలు ఊడినవీ చెదలు కొరికినవీ ఏరుకొచ్చేవాడు. బస్సు మా ఊళ్ళో ఆగీ ఆగకముందే దూకి, "ఎవురెవురు వచ్చినారబ్బయ్యా?" అని కేకేసేవాడు. మేం మెట్ల మీదా, మెట్ల కింద ఇసుకలోనూ కూర్చునేవాళ్ళం. ఆయన మాత్రం నిలబడే చదివేవాడు. కథలో దొంగ పరిగెత్తితే ఈయన కూడా బస్సు చుట్టూ ఒక చుట్టు పరిగెత్తి వచ్చేవాడు. టిక్కెట్ల సంచీ తొడకు తగిలి టపటపలాడేది. మేం కథలో దొంగను తలుచుకుని నవ్వేవాళ్ళమో, ఆయన్ను చూసి నవ్వేవాళ్ళమో ఇప్పటికీ చెప్పలేను.

పొడుపు కథలుంటే చివర జవాబుల పేజీ ఉంటుంది కదా. ఆయన పుస్తకం మా చేతికిచ్చేముందు ఆ పేజీ చించి సంచీలో వేసుకునేవాడు. మేం మీదపడి లాక్కోబోయేవాళ్ళం. "జవాబు చూసినాక పుస్తకం మూసేస్తారు మీరు. చూడకపోతే ఇంటికి మోసుకుపోతారు" అనేవాడు. తెలియదని ఎవరైనా తల వంచుకుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. "టిక్కెట్టు లేకపోతే సిగ్గుపడాల, జవాబు లేకపోతే సిగ్గెందుకు? ఎక్కు, ఎక్కు" అని వాడి వీపు తట్టి పై మెట్టు మీద కూర్చోబెట్టేవాడు.

ఇదంతా మా అమ్మలకు ఏమాత్రం నచ్చేది కాదు. వాళ్ళ తొందర వాళ్ళది. తెల్లారేసరికి పడవలు ఒడ్డుకొస్తాయి, చేపలు గంపలకెత్తి, తడి గోనె కప్పి, బస్సులో వేసుకుని ఎండ ముదరకముందే నెల్లూరు మార్కెట్టుకు చేరాలి. ఆలస్యమైతే చేప మెత్తబడుతుంది. మెత్తబడ్డ చేపను ఎవరూ తాకరు. అంటే మాకు పుస్తకం దొరికే కాసేపూ, వాళ్ళ చేప పాడయ్యే కాసేపూ ఒక్కటే. ఆ సంగతి మాకు అప్పట్లో పట్టలేదు. ఆయనకు పట్టాల్సింది, ఆయనకూ పట్టలేదు.

ఒక వేసవి పొద్దున ఆయన అడిగాడు. "పిలవకుండా వస్తుంది, గడప దాకా రాదు. పొమ్మనకుండా పోతుంది, మళ్ళా రాకుండా ఉండదు. ఏంది?"

ఎదురుగా సముద్రం. అలలు వచ్చి పోతూనే ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ వాటిని చూస్తున్న మాకు ఒక్కరికీ అల అని తట్టలేదు. నేను లేచి "బస్సు!" అన్నాను. బస్సు నిజంగానే మా గడప దాకా రాదు, రోడ్డు చివరే ఆగిపోతుంది. పోయినా మర్నాడు వస్తుంది. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని నన్ను చూశాడు. పుస్తకంలో లేని జవాబు విన్నందుకు ఆయనకు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కానీ నా పక్కన పిల్ల ఒప్పుకోలేదు. "బస్సు పొమ్మనకుండా పోతుందా? మామ విజిలు ఏస్తేనే గదా పోయేది!" అంది.

"అదీ నిజమే" అన్నాడాయన. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మరి నేను విజిలు ఎయ్యకపోతే? పోకుండా ఉంటుందా? చూద్దాం." మెడలో విజిలు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇది వింటే మీకు నవ్వొస్తుంది. అప్పుడు మాకు అది నవ్వే విషయం కాదు. పిల్లలమూ ఆయనా ఊపిరి బిగబట్టి, బస్సు దానంతట అది పోతుందా పోదా అని చూస్తూ నిలబడ్డాం. ముందు సీట్లో డ్రైవరు స్టీరింగు మీద చేతులేసుకుని విజిలు కోసం కూర్చున్నాడు. విజిలు లేకుండా బండి కదిలించే అలవాటు ఆయనకు లేదు, ఎందుకాగింది అని వెనక్కి తిరిగి అడిగే అలవాటు అంతకన్నా లేదు. లోపల మా అమ్మలు టైరుకేదో అయిందనుకున్నారు. కదలకపోవడంతో మేం రెండు జట్లయ్యాం. చూశారా పోలేదు, కాబట్టి బస్సు కాదు అని ఒక జట్టు. పొద్దున నెల్లూరు నుంచి ఇక్కడికి రమ్మని ఎవరు పిలిచారు, పిలవకుండానే వచ్చింది కదా అని నా జట్టు. ఆయన ఇద్దరి మాటా విని, ఇద్దరికీ తలూపుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. చివరికి మా అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచిన అరుపుకు అందరం ఉలిక్కిపడ్డాం. అప్పటికి ఎండ నెత్తికెక్కింది.

ఆ రోజు మార్కెట్టులో బేరగాళ్ళు వెళ్ళిపోయారట. మా అమ్మ, తక్కిన ఆడవాళ్ళు గంపల్లో సగానికి పైగా కాలవలో పారబోసి వచ్చారు. వస్తూనే అమ్మ నా జుట్టు పట్టుకుంది. "మీ కతలకి నా గంపెడు చేపలు పారబోసినా గదమ్మే! ఇంక ఆ బస్సు దెగ్గిర నువ్వు కనపడితే కాళ్ళిరగ్గొడతా. సదివింది చాలు, వచ్చే వేటకాలానికి నువ్వూ గంపెత్తుకో." అమ్మ తప్పని నేను అనలేను. ఆ చేపలు మా అయ్య ప్రాణాలకు తెగించి తెచ్చినవి. కానీ నాకు ఏడుపాగలేదు. గంపెత్తుకుంటే బడి లేదు, బస్సు మెట్లు లేవు, ఇక జన్మకు పుస్తకం లేదని ఆ వయసుకే తెలిసిపోయింది.

ఆడవాళ్ళంతా కలిసి బస్సు ఓనరుకు చెప్పారు. ఇంకోసారి ఆలస్యమైతే సంచీ అక్కడ పెట్టి ఇంటికి పొమ్మని ఓనరు మామతో గట్టిగా అన్నాడట. మర్నాటి నుంచి బస్సు రావడం, తిరగడం, పోవడం. మేం పడవల చాటు నుంచి చూసేవాళ్ళం. మామ మా వైపు ఒకసారి చూసి, వెంటనే గంపల వైపు తిరిగి, అవసరం లేకపోయినా వాటిని అటూ ఇటూ సర్దేవాడు. పిల్లలు లేని ఆ మెట్ల మీద ఆయన ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. నాకు ఆయన మీద జాలేసేది, అమ్మ మీద కోపమొచ్చేది, రెండూ ఎవరికీ చెప్పుకునే వీలుండేది కాదు.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం అమ్మ మార్కెట్టు నుంచి వచ్చి గంప కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది. నా వైపు చూడకుండా అడిగింది. "మ్మే, ఒళ్ళంతా కంతలే, ఇల్లు మాత్రం నింపుద్ది. ఏందది?"

అమ్మ నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. పని చెప్పడమే తప్ప అడగడం ఆమెకు అలవాటు లేదు. ఎదురుగా దండెం మీద ఆరేసి ఉన్నదాన్ని చూపించి "వల" అన్నాను. అమ్మ వలను చూసింది, నన్ను చూసింది, గంప వదిలేసి కడుపు పట్టుకుని నవ్వింది. "పొద్దస్తమానం దాంతోనే గదా మన బతుకు! ఆ కండక్టరు అన్న బస్సులో అడిగితే ఒక్కదానికీ తెలవలా."

అప్పుడర్థమైంది, మామ ఏం చేస్తున్నాడో. ఊళ్ళో ఆగినప్పుడు నోరెత్తడం లేదు. బస్సు కదిలాక, ఇందుకూరుపేట దాటాక, చేతికి పని లేకుండా కూర్చున్న ఆడవాళ్ళను అడుగుతున్నాడు. దానివల్ల బస్సుకు ఆలస్యం లేదు, చేపకు నష్టం లేదు. మర్నాడు అమ్మ బస్సెక్కి "వల!" అని తనకే తోచినట్టు చెప్పిందట. ఆయన ఇంకోటి వేశాడు. ఇంకో ఆమె కూతుర్ని అడిగి వచ్చి చెప్పింది. మా అమ్మకు ఓడిపోవడం సుతరామూ ఇష్టం ఉండదు. చివరికి ఒకరోజు "మాకు సదువు లేకపాయెనన్నా. మా బిడ్డయితే చెప్పుద్ది" అంటే, ఆయన దీనికోసమే కాచుకున్నట్టు సంచీలోంచి పుస్తకం తీసి "అయితే బిడ్డ దెగ్గిరికే తీసుకుపో అక్కా" అన్నాడట.

ఆ పుస్తకం ఖాళీ గంపలో, తడి గోనె మీద పెట్టుకుని అమ్మ ఇంటికి తెచ్చింది. అట్ట మీద చేప పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. కంపు కొడుతుందని నేను ముక్కు మూసుకోలేదు, గుండెకు అదుముకున్నాను. వేటకాలం వచ్చింది. మా అయ్య గంప మాట ఎత్తితే అమ్మే అడ్డుపడింది. "ఇది గంపెత్తుకుంటే రేప్పొద్దున ఆ కండక్టరు అన్నకి జవాబు ఎవురు చెప్తారు?" ఈ రోజు నేను ఇందుకూరుపేట బళ్ళో పాఠం చెబుతున్నానంటే, ఆ ఒక్క మాట మీదే.

తర్వాత్తర్వాత ఆడవాళ్ళే దారి చూశారు. బస్సు రాకముందే గంపలన్నీ కట్టి రోడ్డు చివర వరసగా పెట్టేవాళ్ళు. రాగానే ఎక్కించేస్తే మిగిలిన కాసేపు మళ్ళీ పిల్లలదే. కాగితాల అంగడివాడికని ఎండు మెత్తళ్ళ చేపలు పొట్లం కట్టి ఆయనకిచ్చేవాళ్ళు, ఆయన వాటిని ఇచ్చి ఇంకాస్త మంచి పుస్తకాలు తెచ్చేవాడు. కానీ టైము విషయంలో మా అమ్మ ఎవరినీ నమ్మేది కాదు. కిటికీ పక్కన కూర్చుని, కథ ఎంత రసపట్టులో ఉన్నా సరే, "చాలన్నా, విజిలెయ్యి!" అని కేక పెట్టేది. రాజకుమారి బావిలో పడుతూ ఉండగా కూడా పెట్టింది. ఆయన అక్కడికక్కడ పుస్తకం మూసి విజిలు వేసేవాడు. నేను పెద్దదాన్నై, ఉద్యోగానికి అదే బస్సులో పోవడం మొదలుపెట్టినా ఆ కేక మారలేదు. మెట్ల మీద పిల్లలు మాత్రం మారుతూ వచ్చారు.

నేను బళ్ళో పొడుపు కథ చెప్పినప్పుడు ఆయనకు చెప్పేదాన్ని. "జవాబు చెప్పేసినావా?" అని భయంగా అడిగేవాడు. లేదంటే ఊపిరి పీల్చుకుని, రెండు సీట్ల అవతల టిక్కెట్టు కొట్టడానికి ఉరికేవాడు. కృతజ్ఞతగా ఒక్క మాట చెబుదామంటే ఆగితేగా ఆ మనిషి. చెప్పలేదు. ఇప్పుడు ఇలా మీకు చెబుతున్నాను.

నిన్న కొత్త కండక్టరు వచ్చాడు. నూనూగు మీసాల కుర్రాడు, పాపం, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. గంపలెక్కాయి. మామ పోయే ముందు ఇచ్చిన పుస్తకం పట్టుకుని పిల్లలు అలవాటు కొద్దీ మెట్ల దగ్గరికొచ్చారు. ఏం చేయాలో ఆ అబ్బాయికి తెలియలేదు. "జరగండి, జరగండి" అని విజిలు వేశాడు. పిల్లలు మెట్ల మీంచి ఇసుకలోకి దిగి నిలబడ్డారు. నేను బస్సులో అమ్మ పక్క సీట్లోంచి చూస్తూనే ఉన్నాను. బస్సు కదిలింది.

"ఆపబ్బయ్యా!" అని అరిచింది మా అమ్మ.

డ్రైవరు తిరిగి చూడలేదు. బండి ఆపి, ఇంజను కూడా ఆపేశాడు. కొత్త కుర్రాడు కంగారుగా "టైమయిందమ్మా, చేపలు..." అన్నాడు.

"నా చేపల సంగతి నీకెందుకు?" అంది అమ్మ. తర్వాత నా భుజం పట్టి కుదిపింది. "ఏంది కూచోనుండావు? దిగు. బిడ్డలు నిలబడుండారు, కనపడలా?"

దిగాను. పిల్లలు మళ్ళీ మెట్ల మీదికి చేరారు. ఒక చిన్నది పుస్తకం నా చేతిలో పెట్టింది. నేను నిలబడే చదవడం మొదలుపెట్టాను, కాసేపటికి నా కాళ్ళు వాటంతటవే అటూ ఇటూ నడవసాగాయి. ఎండ ఎక్కుతోంది. లోపల గంపల మీది గోనెల్లోంచి నీళ్ళు కారి, మెట్లు దిగి, ఇసుకలో ఇంకిపోతున్నాయి. అమ్మ కిటికీ మీద చేతులు ఆనించి, పిల్లల వంకే చూస్తూ కూర్చుంది.