కదలని వేడి ముల్లు

మా వ్యాన్‌కు ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. పాత ఇంజన్ పూర్తిగా పోయాక, పాత సామాన్ల షెడ్డు నుంచి ఇంకో ఇంజన్ తెచ్చి పెట్టించాం. దింపడం, ఎక్కించడం మెకానిక్ పని. తీగల పని మాత్రం నా భర్త ఎవరికీ ఇవ్వలేదు. ఆయన బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. "బాయికే కరెంటు ఇచ్చిన, గీ డబ్బాకు ఇయ్యలేనా?" అన్నాడు.

అప్పుడు మా బిడ్డ ఎనిమిదో నెల కడుపుతో ఉంది. కాన్పుకు మా దగ్గరికి వచ్చింది. బీపీ ఎక్కువగా ఉందనీ, తల నొచ్చినా, కళ్లు మసకబారినా ఆగకుండా కరీంనగర్ దవాఖానకు తీసుకురమ్మనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ వ్యాన్ నడవడం మాకు అంత అవసరం.

పాత ఇంజన్ దింపేటప్పుడు తీగలకు పట్టీలు అంటించాం. ఆయన చెప్తుంటే నేను రాశాను. సెల్ఫు, ఇంజన్‌ను చల్లబరిచే ఫ్యాను, ఇంజన్ ఎంత కాగిందో చూపే వేడి ముల్లు. నేను రాయడం నేర్చుకున్నదే వయసు మళ్లాక. నా అక్షరాలు పెద్దవి, పట్టీ చాలేది కాదు. మెకానిక్ నవ్వాడు. "చిన్నమ్మా, బండికి పెండ్లి పత్రికలు రాస్తున్నవా?"

కొత్త ఇంజన్ ఎక్కింది గానీ స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే గిర్రున తిరిగేది, అందుకునేది కాదు. ఆ ఇంజన్‌కు పెట్రోలు ఎంత ఇవ్వాలో చెప్పే కంప్యూటర్ డబ్బా ఒకటి ఉండాలట. షెడ్డువాళ్లు ఇంజన్ ఇచ్చారు, డబ్బా ఇవ్వలేదు. మెకానిక్ తిరిగి తిరిగి ఒకటి తెచ్చాడు. అది పెట్టాక బండి ఒకసారి దగ్గి ఆగిపోయింది. ఈసారి పెట్రోలు పంపుకు కరెంటు అందడం లేదు. ఆయన టెస్టు బల్బు పట్టుకుని, ఫ్యూజుల పెట్టె నుంచి మొదలుపెట్టి తీగ వెంట పోయాడు. బల్బు వెలగని చోట, పంపుకు కరెంటు కలిపే రిలే ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది. రిలే గుచ్చగానే బండి అందుకుంది.

అయినా రెండు తీగలు మిగిలాయి. రెండింటి మీదా నా పట్టీలే. ఫ్యాను ఒకటి, వేడి ముల్లు ఒకటి. కొత్త ఇంజన్‌లో వాటి మూతికి సరిపోయే జాగా ఎక్కడా లేదు.

"కాకా, ఉత్తగ మిగిలే తీగలు కావు గవి," అన్నాడు మెకానిక్. "నేను అడిగి చెప్త. అప్పటిదాక బండి దూరం తియ్యకు."

"పాత ఇంజన్ తీగలు రా గవి. దీనికి కంప్యూటర్ ఉన్నది, వేడి సంగతి గదే చూసుకుంటది."

బాయిలో తెగిన తీగ కొసను తెరిచి వదలరు. గాలిలో గ్యాస్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే కొసలకు టేపు చుట్టి, మూసి, పక్కకు కట్టేస్తారు. మూసిన కొస అంటే ఆయన లెక్కలో అయిపోయిన పని. ఆ రెండు తీగలకూ అట్లాగే, నా పట్టీలు కూడా కనపడకుండా చుట్టి, లోపలికి కట్టేశాడు. మళ్లీ వాటి మాట ఎత్తలేదు.

బజారుకు, స్టేషన్‌కు తిరిగాడు. ఏమీ కాలేదు. వేడి చూపే ముల్లు అడుగునే పడి ఉండేది. "గీ ఎండకు కుండల నీళ్లే కాగుతున్నయి. ముల్లు లేస్తలేదేందయ్యా?" అన్నాను.

"ఇంజన్ మంచిదే. చల్లగున్నది. నీకన్నిటికి ఫికరే."

ఆ రోజు పొద్దెక్కాక బిడ్డ తల పట్టుకుని కూర్చుంది. అంబులెన్స్‌కు ఫోన్ చేద్దామన్నాను. "మన బండి ఉండంగ గదెందుకు?" అని ఆయన అప్పటికే తాళం తీశాడు. బిడ్డను వెనక సీట్లో పడుకోబెట్టి నేను ముందు కూర్చున్నాను.

రామగుండం దాటేసరికి సీటు వెచ్చబడింది. ఎండ అనుకున్నాను. సిమెంటు లారీల వెనక నెమ్మదిగా పోతుంటే ఆ వేడి చీరలోంచి తొడలకు తగిలింది. కొంగు మడిచి కింద వేసుకున్నాను. ముల్లు అడుగునే ఉంది.

"సీటు కాలుతున్నది, ఆపు."

"ముల్లు చూడు. ఏం లేదు."

వెనక నుంచి బిడ్డ నాతో అంది, "అవ్వా, ఎవరో పాకం పడుతున్నట్టు వాసనొస్తున్నది."

ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కాగితే వచ్చే తీపి వాసన అది. ఆయన అప్పుడు నా ముఖం చూశాడు. బసంత్‌నగర్ ముందు బండి పక్కకు తీశాడు. ఇంజన్ ఆపినా సీటు కింద కుతకుత ఉడుకుతూనే ఉంది. "బయటికి! జల్ది, బయటికి!" అని అరిచాడు. అది ఇంట్లో నేనెన్నడూ వినని గొంతు. బిడ్డను దింపామో లేదో సీట్ల సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచి అద్దాలు కమ్మేసింది.

రోడ్డు మీద నీడ లేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేశాం. అది వచ్చేలోపే ఒక బస్సు దూరంగా కనిపించింది. "అవ్వా, బోర్డు మసక మసకగున్నది," అంది బిడ్డ. బోర్డు శుభ్రంగానే ఉంది. కరీంనగర్ అని నేను చదివాను. చేతులు రెండూ ఎత్తి రోడ్డు మధ్యకు పోయాను. బస్సు ఆగింది; ఆయనను బండి దగ్గర వదిలి, బిడ్డను ఎక్కించుకుని పోయాను.

దవాఖానలో అడుగు పెట్టగానే బిడ్డను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయారు. ఆపరేషన్ చేశారు. తల్లి బతికింది. పిల్ల చేతికి తేలికగా, నీలంగా పుట్టింది. అద్దాల పెట్టెలో పెట్టారు. ఏ సంగతీ ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఆయన మరునాడు బస్సులో వచ్చాడు. పెట్టెను బయటి నుంచే చూసి, బిడ్డ మంచం దగ్గర నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాపు, బండి బాగైతదా?" అంది బిడ్డ.

"మెకానిక్ చూస్తున్నడు."

"పిల్లను ఇచ్చినంక దాంట్లనే పోదామా?"



"వద్దు బిడ్డా," అన్నాడు. "కిరాయి బండి మాట్లాడుత. ముందు పిల్లను మన చేతికియ్యనీ."