పెద్దమ్మ చెప్పిన బొమ్మల సినిమా

మా పెద్దమ్మ పోయింది. మొన్న ఆదివారం పొద్దున చర్చికి పోదామని చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. పెద్దనాయన చేశాడు. ఫోన్లో ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి ఆ రోజు మాత్రం మెల్లగా, "పాపా, మీ పెద్దమ్మ లేదు. తొందరగా రా" అని పెట్టేశాడు.

కర్నూలు నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి నవ్వు కూడా వచ్చింది. పక్క సీటులో ఉన్నామె నాకేదో అయిందనుకుని కిటికీ వైపు జరిగింది. ఏం చేయను, పెద్దమ్మను తలుచుకుంటే ఏడుపు ఒక్కటే రాదు.

డెబ్బైల్లో ఆమె నంద్యాలలో చిన్నపిల్లల బడి టీచరు. ఆదివారం చర్చిలో పిల్లలకు కథలు చెప్పేది కూడా ఆమే. అప్పట్లో ఆ కథలు బొమ్మలతో చెప్పేవాళ్లు. ఒక పలక మీద నూగు గుడ్డ పరిచి, వెనక గరుకు కాగితం అంటించిన రంగుల బొమ్మలను ఒక్కొక్కటే దానిమీద అద్దితే పడకుండా అతుక్కునేవి. అన్ని చోట్లా టీచర్లు బొమ్మను అద్ది కథ చదివేవాళ్లు. పెద్దమ్మ అట్లా కాదు. బొమ్మల చేత మాట్లాడించేది. గొర్రెల కాపరి మా వీధిలో పాలు పోసే ఆయన గొంతుతో మాట్లాడేవాడు. రాజు బొమ్మ ఎక్కడో పడిపోతే, ఆ కాపరికే కాగితం కిరీటం పెట్టి రాజును చేసింది. "నిన్న గొర్రెలు కాసినోడు ఈ పొద్దు రాజెట్లయినాడు?" అని నేనడిగితే, "నీకెందుకే? దేవుడు తలుచుకుంటే ఎంత సేపు?" అని నోరు మూయించింది. ఆమె మాట ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. "బొమ్మకు నోరుండదు. మనమే ఇయ్యల్ల."

బొమ్మలకు ఇచ్చిన నోరు తన కోసం మాత్రం ఎప్పుడూ వాడుకోలేదు. పెద్దనాయన నంద్యాలలో నూనె మిల్లులో పని చేసేవాడు. తాగేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. వీధంతా వినేలా పాడుకుంటూ వచ్చి తలుపు బాదేవాడు. ఆ సిగ్గు భరించలేకే పెద్దమ్మ ఎనభైల మొదట్లో అడిగి మరీ ఆళ్లగడ్డకు బదిలీ చేయించుకుంది. శనివారం శనివారం ఆయన బస్సెక్కి అక్కడికీ వచ్చేవాడు. అదే పాట, అదే తలుపు. లోపల పెద్దమ్మ గడియ పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. తెల్లారి అరుగు మీద పడుకున్న ఆయన ముందు కాఫీ గ్లాసు పెట్టి చర్చికి పోయేది.

ఒక వేసవిలో పెద్దమ్మ తమ్ముడు, మా మామ, వచ్చి గట్టిగా చెప్పాడు. "ఇంగ చాలక్కా. బడి తెరిసేలోపల ఏదో ఒకటి తేల్చు. ఆయప్ప వద్దనుకుంటే నా ఇంటికి రా." పెద్దమ్మ తలూపింది. అవునో కాదో మాకెవరికీ తెలియలేదు.

ఆ వేసవిలోనే, సెలవులకు నేను ఆమె దగ్గరున్నప్పుడు, ఆళ్లగడ్డ చర్చిలో పిల్లల సెలవుల బడి పెట్టారు. ఆఖరి రోజు పిల్లలకు ఏదైనా చూపించాలని టీవీ, క్యాసెట్లు వేసే డెక్కు బాడుగకు తెచ్చారు. కువైట్‌లో నర్సుగా చేసి వచ్చిన అక్కొకామె ఒక క్యాసెట్ ఇచ్చింది. "నేను చూళ్లేదు టీచరమ్మా, అంతా బొమ్మలే" అంది. ఆ ఒక్క ముక్క చాలింది. మా లెక్కలో బొమ్మలంటే పిల్లలవే. పెద్దవాళ్ల కోసం బొమ్మలు గీసి, వాటితో మొగుడూ పెళ్లాల పోట్లాటలు ఆడించి టీవీలో వేసే దేశం ఒకటుందని మాకెట్లా తెలుస్తుంది?

మధ్యాహ్నం ఎండ లోపలికి రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఒక దుప్పటికి మేకు ఊడిపోతే దాన్ని పట్టుకుని నిలబడే పని, ముందు రాత్రి వచ్చి అరుగు మీద పడుకుని లేచిన పెద్దనాయనకు పడింది. పిల్లలందరం బొరుగుల పొట్లాలతో ముందు కూర్చున్నాం. వెనక అమ్మలూ అవ్వలూ.

తెర మీద బొజ్జ మొగుడొకడు ఆఫీసు నుంచి బయటపడి నేరుగా సారాయి కొట్లోకి దూరాడు. మాటలన్నీ ఇంగ్లీషు. అందరం పెద్దమ్మ వైపు చూశాం. టీచరు కదా, ఆమెకు వస్తుందని మా నమ్మకం. పెద్దమ్మ లేచి టీవీ పక్కన నిలబడి కథ అందుకుంది.

"ఆ సీసాలో ఏముంది టీచరమ్మా?" అన్నాడు ఒకడు.

"దగ్గు మందు."

"మరి పాట పాడతాండాడే?"

"దగ్గు తగ్గింది కదరా, సంతోషం."

తర్వాత పక్కింటామె ఒంటి మీద గుడ్డలు సరిగా లేకుండా చెట్లకు నీళ్లు పోస్తూ కనబడింది. "పాపం, బట్టలన్నీ ఉతికి ఆరేసింది, ఇంగా ఆరలేదు" అంది పెద్దమ్మ. వెనక ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చర్చి పెద్ద ఒకాయన దగ్గాడు. క్యాసెట్ ఆపే మీట ఎక్కడుందో డెక్కు తెచ్చినవాడికి తప్ప ఎవరికీ తెలియదు, వాడేమో టీ తాగడానికి పోయాడు.

అంతలో బొజ్జాయన తూలుకుంటూ ఇంటికొచ్చి తలుపు బాదాడు. లోపల పెళ్లాం గడియ పెట్టి తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. పిల్లలు నవ్వారు. వెనక నవ్వులు ఆగిపోయాయి. పెద్దమ్మ కూడా ఆగింది. తెర మీద ఆమె ఏదో అంటోంది. మేమంతా ఎదురు చూస్తున్నాం.

"ఏమప్పా" అంది పెద్దమ్మ. ఏ బొమ్మ గొంతూ కాదు, తన గొంతే. "యాడికి పోయినావో నేనడగను. తాగిన దినం ఈ తలుపు తట్టొద్దు. వీధంతా ఇంటాది, నాకు సిగ్గయితాది. తాగని దినం రా. గడియ పెట్టను. తలుపు దగ్గరికేసి ఉంటాది. అన్నం కుండలో ఉంటాది. నన్ను పిలవొద్దు, నువ్వే పెట్టుకొని తిను."

పెద్దనాయన చేతిలో దుప్పటి జారిపోయింది. ఎండ నేరుగా టీవీ మీద పడి బొమ్మలన్నీ తెల్లబోయాయి. ఆయన దుప్పటి తీయలేదు. చెప్పులు వేసుకుని బస్టాండు వైపు పోయాడు.

"టీచరమ్మా, ఆయప్ప ఇంట్లోకి వచ్చినాడా?" అడిగాడు ఒక పిల్లాడు.

"ఇంగా రాలేదు నాయనా" అంది పెద్దమ్మ.

తిట్లకు కొదవ లేదు. చర్చి పెద్ద, "పిల్లోల్లకు చూపిచ్చేదేనా ఇది?" అన్నాడు. "పెద్దోల్లకు గూడా బొమ్మలేస్తారని నాకేం తెల్సన్నా?" అంది. మామకు కథ చేరి, "ఇంటి గుట్టు లంకకు చేటంటారు, నువ్వు చర్చిలో చాటింపేస్తివి" అని ఎగిరాడు. "గుట్టేముంది? శనివారం శనివారం ఊరంతా ఇంటానే ఉంది" అంది.

బడి తెరిచారు. పెద్దనాయన రాలేదు. ఇక తెగిపోయినట్టే అనుకున్నాం. వానలు మొదలయ్యాక ఒక శనివారం నేను ఆళ్లగడ్డ పోయాను. సాయంత్రం పెరట్లో ఇద్దరం చెనిక్కాయలు వలుస్తున్నాం. వీధి తలుపు కిర్రుమంది. వంటింట్లో కంచం చప్పుడైంది, తర్వాత కుండ మూత. నేను లేవబోతే పెద్దమ్మ చెయ్యి పట్టి లాగింది.

"కూచో. తిననీ."

ఆమె వలుస్తూనే ఉంది. గింజలు పొట్టులోకి, పొట్టు చేటలోకి వేస్తోంది.

తాగుడు ఒక్కరోజులో పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? తాగిన దినం ఆయన నంద్యాలలోనే పడుకునేవాడు. తాగని దినం ఆళ్లగడ్డ బస్సెక్కేవాడు. రాను రాను బస్సెక్కిన దినాలే ఎక్కువయ్యాయి. మామకు పెద్దమ్మ జవాబు చెప్పనే లేదు, ఆయన మళ్లీ అడగనూ లేదు.

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాక ఒకసారి అడిగాను. "పెద్దమ్మా, ఆ బొమ్మామె నిజంగా ఆ మాటలే అనిందా?"

"ఆ యమ్మ ఏమనెనో నాకేం తెల్సే? ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"మరి?"

"బొమ్మలకు నేను ఎన్ని దినాలు నోరిచ్చినానో. ఆ పొద్దు ఆ బొమ్మే నాకిచ్చింది" అని నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఇంకా ఎక్కువ ఇస్తాను.

పెద్దమ్మను మట్టి చేసి వచ్చాం. చుట్టాలందరూ పోయారు. దీపాలు పెట్టే వేళకు నేను వీధి తలుపు వేసి గడియ మీద చెయ్యి పెట్టాను.

"గడియ పెట్టొద్దు పాపా" అన్నాడు పెద్దనాయన. "దగ్గరికెయ్యి, చాలు."

తనే కంచం తీసుకున్నాడు, కుండ మూత తీశాడు, వడ్డించుకుని కూర్చున్నాడు. బయట గాలి లేచింది. తలుపు కొంచెం తెరుచుకుంటుంది, మళ్లీ దగ్గరికి పడుతుంది. ముద్ద చేతిలో పెట్టుకుని ఆయన అటే చూస్తున్నాడు.