విప్పి చూపించే గ్యారేజ్

మా వీధి చివర ఇడ్లీ బండి అతను ఈ మధ్య పల్లీ చట్నీలో నీళ్లు ఎక్కువ కలుపుతున్నాడు. ప్లేటు కాస్త వంచితే చాలు, చట్నీ ఇడ్లీని వదిలేసి చొక్కా వైపు బయలుదేరుతుంది. ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. రామంతాపూర్‌లో మా వైపు ఏ సంగతి తేల్చుకోవాలన్నా ఆ బండి దగ్గరికే వెళ్లాలి మరి. చట్నీ పలచబడినా అక్కడ అభిప్రాయాలు చిక్కగానే ఉంటాయి.

ఆ రోజు నేను తీసుకెళ్లిన సంగతి మా కారు క్లచ్. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం వెళ్దామా వద్దా అని ఆలోచిస్తోంది. ఉప్పల్ చౌరస్తాలో ఆగినప్పుడు ఏదో మాడిన వాసన. క్లచ్ ప్లేటు అరిగిపోయిందని నాకూ తెలుసు. తెలియనిది నమ్మకమైన గ్యారేజ్ ఎక్కడుందన్నదే. ఇడ్లీ తింటున్న ప్రతి ఒక్కరూ ఒక గ్యారేజ్ చెప్పారు, పక్కవాడు చెప్పిన గ్యారేజ్‌కు మాత్రం చచ్చినా పోవద్దన్నారు. ఆ తర్వాత అందరూ ఒకే ప్రశ్న వేశారు: బండి ఎవరు నడుపుతారు? మా ఆవిడ అన్నాను. పరామర్శకు వచ్చినవాళ్లలా తలలు ఊపారు.

మా ఆవిడ సైన్స్ టీచర్. అన్నోజిగూడ దగ్గర ఒక బడిలో పని. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. అప్పటిదాకా షేర్ ఆటో, బస్సు, మళ్లీ ఆటో. ఇప్పుడు రోజూ ఉప్పల్ దాటి, ఫ్లైఓవర్ స్తంభాల పక్కన లారీల మధ్య దూరి, ఇద్దరు తోటి టీచర్లను ఎక్కించుకుని మరీ వెళ్లివస్తుంది. నేను ఆ దారిలో ఒకసారి పక్క సీట్లో కూర్చున్నాను. దారి పొడుగునా ప్రార్థన చేశాను. ఆమె నోట్సు దిద్దడం గురించి మాట్లాడుతూ నడిపింది.

ఆదివారం మాత్రం నేను నడుపుతాను. చర్చి గేటు ముందు స్టీరింగ్ వెనక నుంచి మొగుడే దిగాలని మావాళ్లలో ఒక నియమం ఉంది. బైబిల్లో లేదు, వెతికాను. అయినా ఎవరూ తప్పరు. దానివల్ల మా బంధువులంతా నా డ్రైవింగ్ చూశారు, ఆమె డ్రైవింగ్ గురించి విన్నారు. కాబట్టి క్లచ్ పోయిందనగానే నేరం ఎవరిదో విచారణ అవసరం లేకుండానే తేలిపోయింది.

తీర్పు చదివింది మా బామ్మర్ది. ఆమెకు ఒక్కడే తమ్ముడు. చర్చి నుంచి వచ్చి మా ఇంట్లో భోజనానికి కూర్చుని, కోడికూర వడ్డించుకుంటూ చెప్పాడు.

"అక్కా, నువ్వు పొద్దుమాపు క్లచ్ మీదనే కాలు పెడ్తవ్. కొత్త ప్లేటేసినా మళ్ల గిట్లనే అయితది. బండి ఆదివారానికి పెట్టుకోండ్రి. నీకు ఆటోనే మంచిగుంటది."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, బండి తాళం తీసి అన్నం గిన్నె పక్కన పెట్టింది.

"నా కాలే తప్పైతే ఈ తాళం నేనే ఇచ్చేస్త, మళ్ల అడగ. కానీ ఎవరో ఒకరు ఇప్పి సూసి చెప్పాలె. ఊకెనే చెప్తే వినను."

అంటే మాకు కావలసింది తక్కువకు చేసే గ్యారేజ్ కాదు, త్వరగా చేసే గ్యారేజ్ కూడా కాదు. నిజం చెప్పే గ్యారేజ్. ఇడ్లీ బండి దగ్గర ఆ రకం ఎవరూ చెప్పలేదు.

ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ గ్యారేజ్‌లోనైనా మొదట ఒకటే ప్రశ్న: ఇది ఎందుకు పోయింది? జవాబును బట్టి పాస్, ఫెయిల్. పిల్లలకైతే కనీసం గ్రేస్ మార్కులుంటాయి.

మొదటిది నాచారం మెయిన్ రోడ్డు మీద. ఏసీ గది, సోఫా, కాఫీ మిషన్. నాకు వెంటనే నమ్మకం కుదిరింది; సోఫా అంత మెత్తగా ఉంది. ఆమె ప్రశ్న అడిగింది. అక్కడి మేనేజర్ బానెట్ కూడా ఎత్తకుండా, ఆమె అడిగిన ప్రశ్నకు నా వైపు తిరిగి జవాబిచ్చాడు. లేడీస్ డ్రైవింగ్ కదా సార్, మామూలే అన్నాడు. కాఫీ నా చేతిలో సగం ఉండగానే ఆమె బయట బండి స్టార్ట్ చేసింది.

రెండోది ఉప్పల్‌లో, బామ్మర్దికి తెలిసినవాళ్లది. అక్కడ మర్యాదకు లోటు లేదు. అక్కా నీ తప్పు అస్సలు లేదు, కంపెనీ ప్లేట్లే గట్లుంటయ్ అన్నాడు ఆయన, అది కూడా బానెట్ ఎత్తకుండానే. నేను సంతోషించాను. మనం నిర్దోషులమని ఒకాయన అన్నాడు, ఇంకేం కావాలి? ఆమె థ్యాంక్స్ చెప్పి వచ్చేసింది. బండిలో కూర్చున్నాక అడిగితే ఒక్క మాటే చెప్పింది.

"పేపర్ సూడకుండ ఫెయిల్ చేసేటోడెంతనో, పాస్ చేసేటోడూ అంతనే."

నేను కాలేజీ చదువు చదివినవాణ్ని. అలాంటి వాక్యం నాకు ఇప్పటివరకు తట్టలేదు.

మూడోది దొరికింది మేము వెతికితే కాదు. నాచారం దాటి మల్లాపూర్ వైపు చిన్న చిన్న కార్ఖానాల మధ్య సందులో మా బండి ఎత్తు ఎక్కలేక నిలబడిపోతే, ఎదురుగా రేకుల షెడ్డు కనిపించింది. గోడకు మేకులు కొట్టి పాత క్లచ్ ప్లేట్లు వరసగా వేలాడదీశారు. ఒక్కోదాని మీద సుద్దముక్కతో బండి నంబరు. మా ఆవిడ వాటినే చూస్తూ నిలబడింది. అవేంటని అడిగితే, ఓనర్లు వచ్చి చూసేదాకా పాత ప్లేట్లు పారేయనని మెకానిక్ చెప్పాడు. యాభై దాటిన మనిషి, నవ్వడంలో పొదుపరి. ఆమె తన ప్రశ్న వేసింది.

"తెర్వకుండ నాకేం ఎరుక మేడం? గేర్‌బాక్సు దించినంక రండ్రి. మీ ముంగటనే సూపిస్త. ఎట్లుంటే గట్లనే చెప్త, మల్ల బాధపడొద్దు."

"ఈడనే," అంది ఆమె, నా వైపు చూడకుండా.

మర్నాడు బడికి సెలవు పెట్టింది. జ్వరమొచ్చినా సెలవు పెట్టని మనిషి. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఒళ్లో పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దింది. గేర్‌బాక్సు కిందికి దిగేసరికి బామ్మర్ది కూడా వచ్చాడు. నేనే రమ్మన్నాను. తీర్పు ఎటు వచ్చినా ఇంట్లో మళ్లీ అప్పీలు ఉండకూడదని.

మెకానిక్ ప్లేటు తీసి గుడ్డతో తుడిచి, నాకు కాకుండా ఆమె చేతికిచ్చాడు. ఇంతకుముందు ఎప్పుడు మార్చారని అడిగాడు. మార్చలేదు, బండితో వచ్చిన ప్లేటే అంది ఆమె. ఆయన మళ్లీ తీసుకుని వెలుతురుకు పెట్టి చుట్టూ తిప్పాడు. ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టడం మరిచిపోయింది. చీర కొంగు మీద చుక్క పడింది, చూసుకోలేదు.

"మంచిగ నడిపిన్రు," అన్నాడు. "సూడుండ్రి, అంతట ఒక్క తీరు అరిగింది. క్లచ్ మీద కాలు పెట్టి నడిపేటోళ్లకు ఇన్నేండ్లు రాదు. దీని ఉమర్ అయిపోయింది, గంతే."

ఆ మాట ఆయన అన్నది ఆమెతో. ఛాతీ పెరిగింది మాత్రం నాది. డ్రైవింగ్ ఆమెకు నేను నేర్పలేదు; నేర్చుకుంటానన్నప్పుడు అడ్డు చెప్పలేదు, అంతే. ఆ కాస్త వాటాతోనే, ఈమె నా పెళ్లాం అన్నట్టు షెడ్డంతా కలియజూశాను. మా మామగారి తర్వాత వాళ్లింట్లో ఎవరూ బామ్మర్ది నోరు మూయించలేదు. ఈ ప్లేటు మూయించింది. అతను ఫోన్ తీసి, ఎవరూ చేయని కాల్ ఎత్తాడు.

ప్లేటు ఒత్తుకుని తిరిగే ఇనుప చక్రం మీద అక్కడక్కడ నీలం మచ్చలున్నాయి. మెకానిక్ వాటి మీద వేలు పెట్టి, అప్పుడప్పుడు ఎవరో క్లచ్ సగం తొక్కి పట్టుకుంటున్నారు, ఇవి ఆ వేడికి పడ్డవి అన్నాడు. ఎవరని ఎవరూ అడగలేదు. మా ఆవిడ తలెత్తకుండా పేపర్లు దిద్దింది.

సాయంత్రానికి కొత్త ప్లేటు ఎక్కింది. ఒక రౌండ్ కొట్టి చూద్దామన్నాడు మెకానిక్. అలవాటుగా చెయ్యి చాచి తాళం నేనే తీసుకున్నాను. బామ్మర్ది ఉన్నాడు కదా, అతనున్నచోట నాకు చర్చి గేటు ఉన్నట్టే. ఆమె వెళ్లి వెనక తమ్ముడి పక్కన కూర్చుంది. మెకానిక్ నా పక్కన కూర్చున్నాడు.

రోడ్డు కొంచెం ఎత్తు ఎక్కేచోట ముందు లారీ ఆగింది. నేను బ్రేకు జోలికి పోలేదు. క్లచ్ సగం తొక్కి, యాక్సిలరేటర్ రవ్వంత ఇస్తూ, బండిని వెనక్కి జారకుండా ముందుకు పోకుండా తక్కెడ ముల్లులా నిలబెట్టాను. ఇది నాకు బాగా వచ్చిన విద్య. చర్చి ముందు ఎత్తులో ప్రతి ఆదివారం చేస్తాను. పక్క సీట్లోంచి మెచ్చుకోలు వస్తుందేమోనని చూశాను.

మెకానిక్ నా ఎడమ కాలు వైపు చూస్తున్నాడు. తర్వాత అద్దంలో వెనక సీటు వైపు చూశాడు. లారీ కదిలాక బండి పక్కకు ఆపమన్నాడు. ఆపాను.

"సార్, జర మీరు ఎన్కకు పోయి కూసోండ్రి. మేడంకు ఇయ్యండ్రి బండి. కొత్త ప్లేటు."